ఏడు సెకన్ల లెక్క చట్టంలో ఎక్కడా లేదు

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. వరంగల్ నుంచి రాసిన మిత్రుడు సినిమా రివ్యూల యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నారు, ఖాళీ దొరికితే బీట్లు కూడా చేస్తారు. ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా పాట మొదట్లో వచ్చే వాద్యం బిట్టు నాలుగు సెకన్లు కోసి, స్పీడు తగ్గించి, పిచ్ దించి, దానిమీద డ్రమ్స్ వేసి సొంత ట్రాక్ తయారుచేశారు. ఇంకా అప్‌లోడ్ చేయలేదు. రివ్యూల్లో మాత్రం పది, పన్నెండు సెకన్ల సినిమా క్లిప్పులు చాలాకాలంగా వాడుతున్నారు. ఎడిటింగ్ చేసే ఫ్రెండు "ఏడు సెకన్ల లోపైతే ఎవడూ ఏమీ అనడు" అన్నాడట. డాలస్‌లో ఉన్న బావగారు "ఇదంతా ఫెయిర్ యూజ్, టెన్షన్ పడకు" అన్నారట. పాట వచ్చి అరవై ఏళ్లు దాటింది కాబట్టి అసలు గొడవే లేదన్నది ఈయన సొంత నమ్మకం. ముగ్గురిలో ఎవరి మాట నిజమని అడిగారు.

మీ ఫ్రెండు మాట పూర్తిగా తప్పు. బావగారిదీ మీదీ చెరి సగం నిజం. నోటీసులు వచ్చేది ఆ మిగతా సగంలోనే.

నేను లాయర్ని కాను. హైదరాబాద్‌లో సౌండ్ ఎడిటర్‌గా మొదలుపెట్టి, తర్వాత డాక్యుమెంటరీలకీ యాడ్ ఫిల్ములకీ పాటలు, క్లిప్పుల పర్మిషన్లు తెచ్చిపెట్టే పనిలో పడ్డాను. చట్టం నేను చదువుకుని నేర్చింది తక్కువ, దెబ్బలు తిని నేర్చింది ఎక్కువ. చేతికి నోటీసు వచ్చిన రోజున మాత్రం నా జవాబు పక్కన పెట్టి లాయర్ దగ్గరికి వెళ్లండి.

సెకన్ల సంగతి ముందు తేల్చేద్దాం. కొందరు ఏడంటారు, కొందరు పదంటారు, ఇంకొందరు ముప్పై అంటారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెతికినా ఇలాంటి అంకె కనపడదు. అమెరికా చట్టంలోనూ లేదు. ఉన్నదల్లా "గణనీయమైన భాగం" అన్న మాట. గణనీయం అంటే పొడవు ఒక్కటే కాదు. విన్నవాడు ఏ ముక్క చెవిన పడగానే "అరే, ఆ పాట కదా" అంటాడో, ఆ ముక్క రెండు సెకన్లున్నా గణనీయమే. 2008లో రామ్ సంపత్ అనే సంగీత దర్శకుడు తాను ఒక సెల్‌ఫోన్ యాడ్ కోసం కట్టిన చిన్న బాణీని 'క్రేజీ 4' అనే హిందీ సినిమా పాటల్లో వాడేశారని బాంబే హైకోర్టుకి వెళ్లాడు. ఎంత భాగం కలిసింది అన్న వాదన అక్కడా వచ్చింది. పాటకి పట్టుగొమ్మ లాంటి ముక్క అదే అయినప్పుడు పొడవుతో పనేముంది అన్నట్టుగానే కోర్టు చూసింది. విడుదల ముందర ఆర్డర్ వచ్చేసరికి నిర్మాత 2 కోట్లిచ్చి రాజీ చేసుకున్నాడు.

సెకన్ల పేరు ఎత్తితే మనవాళ్లందరికీ గుర్తొచ్చేది 2024 నవంబర్ నాటి నయనతార, ధనుష్ గొడవ. 'నానుమ్ రౌడీ దాన్' షూటింగ్ నాటి మూడు సెకన్ల తెరవెనుక క్లిప్పు నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీలో కనపడినందుకు ఆ సినిమా నిర్మాత ధనుష్ 10 కోట్లు అడిగారని నయనతార బహిరంగ లేఖ రాసింది. తర్వాత ధనుష్ సంస్థ మద్రాసు హైకోర్టుకి వెళ్లింది. అక్కడ ఎవరిది న్యాయం అన్న చర్చలోకి నేను వెళ్లను. మూడు సెకన్లే కదా అన్నంత మాత్రాన ఆ కేసు గుమ్మం దగ్గరే ఆగిపోలేదు, నాకు కావలసింది ఆ ఒక్క ముక్క.

అలాగని చిన్న ముక్కకి రక్షణే లేదనీ కాదు. 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఇండియా టీవీ, యశ్‌రాజ్ ఫిలిమ్స్ కేసులో ఒక మాట చెప్పింది. ఒక టీవీ షోలో గాయని తన పాటల్లోంచి ఒకటి రెండు చరణాలు పాడటం, వినియోగదారుల చైతన్యం కోసం చేసిన ప్రకటనలో 'కజరారే' పాట మాటలు వినపడటం, ఇలాంటివి చట్టం పట్టించుకోనక్కర్లేని చిల్లర విషయాలని. నష్టం ఎంత, కోర్టు ఖర్చు ఎంత, చేసినవాడి ఉద్దేశం ఏమిటి లాంటి ఐదు సంగతులు చూడమంది. చదవడానికి బాగుంటుంది. కానీ అది ఒక టీవీ ఛానెల్ పెద్ద లాయర్లని పెట్టుకుని అప్పీలు దాకా వెళ్లి తెచ్చుకున్న తీర్పు. వరంగల్‌లో రూములో కూర్చుని వీడియోలు చేసేవాళ్లకి ఆ దారి ఉంది, బస్సు ఛార్జీలే ఉండవు.

ఇక బావగారి మాట. ఫెయిర్ యూజ్ అనేది అమెరికా చట్టం. అక్కడి 107వ సెక్షన్ ఎందుకు వాడావు, ఎలాంటి కృతిలోంచి తీశావు, ఎంత తీశావు, అసలువాడి అమ్మకానికి ఎంత గండి పడింది అన్న నాలుగు ప్రశ్నలు వేసుకుని తేల్చుకోమని జడ్జికి వదిలేసింది. ఫలానా పనులకే అని గిరి గీయలేదు. మన దగ్గర ఉన్నది ఫెయిర్ డీలింగ్. పేరు చుట్టంలా ఉంటుంది, ఇల్లు వేరు. మన 52వ సెక్షన్ మొదటి క్లాజులో మూడే గదులు: ఒకటి సొంత వాడకం (పరిశోధన కూడా అందులోనే), రెండు విమర్శ లేదా సమీక్ష, మూడు వర్తమాన విషయాల వార్తలు. మీరు చేసిన పని ఈ మూడింట్లో ఒక గదిలో పడితేనే అది ఫెయిరా కాదా అన్న చర్చ మొదలవుతుంది. పడకపోతే ఎంత కళ చూపించినా ఆ క్లాజు మీకు పలకదు. క్లాసులో పాఠం చెప్పడానికి వాడుకోవడం లాంటివాటికి అదే సెక్షన్‌లో వేరే క్లాజులున్నాయి, మీ పని వాటిలోకీ రాదు.

అందుకే మీ ప్రశ్నని రెండుగా చీల్చాలి. మీ రివ్యూ రెండో గదిలో పడుతుంది. మీ బీటు ఏ గదిలోనూ పడదు. ల్యాప్‌టాప్‌లో చేసుకుని ఇంట్లో వింటున్నంతసేపూ అది సొంత వాడకమే. అప్‌లోడ్ బటన్ నొక్కిన క్షణం నుంచి సొంతం కాదు.

రివ్యూల గురించి ముందు చెప్తాను, అక్కడ మీకు బలం ఉంది. 2012 సవరణకి ముందు ఈ ఫెయిర్ డీలింగ్ క్లాజు రచనలు, సంగీతం, బొమ్మలు లాంటివాటికే ఉండేది, సినిమాలకీ సౌండ్ రికార్డింగులకీ లేదు. ఆ సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప అన్ని కృతులకీ వచ్చింది. పాత పుస్తకం చూసి "సినిమా క్లిప్పుకి మినహాయింపు లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. పైగా సమీక్ష ఆ సినిమా గురించే కానక్కర్లేదు, మరో సినిమాతో పోల్చడానికి ఇందులోంచి ముక్క చూపించినా చెల్లుతుంది.

అయితే వీడియో మీద "రివ్యూ" అని పేరు పెడితే సరిపోదు, ఆ క్లిప్పు మీ మాటకి పని చేయాలి. మీ ఛానెల్లో వీడియోలు రెండు చూశాను, ఏమనుకోకండి. మొదటిదాంట్లో రెండో నిమిషం దగ్గర ఫైట్ సీన్ పన్నెండు సెకన్లు వేశారు. నాలుగో సెకనులో ఆపి, "ఇక్కడ హీరో చెయ్యి ఎత్తాడు, తర్వాతి షాట్లో చెయ్యి కిందుంది, కట్ అతకలేదు" అని బాణం గుర్తు పెట్టి చూపించారు. మళ్లీ ప్లే చేసి, సౌండ్ తగ్గించి, దానిమీద మాట్లాడారు. ఇది నిఖార్సైన సమీక్ష. ఆ క్లిప్పు తీసేస్తే మీ వాదన కూలిపోతుంది. అదే వీడియో మొదట్లో ఇరవై సెకన్ల ఇంట్రో ఉంది: అదే సినిమాలోంచి ఎలివేషన్ షాట్లు, కింద ఆ సినిమా బీజీఎమ్మే, మీ ఛానెల్ లోగో. అక్కడ మీరు దేన్నీ విమర్శించట్లేదు. వాళ్ల మసాలాతో మీ కూర వండుకున్నారు. అది తీసేసినా రివ్యూకి వచ్చే నష్టం ఏమీ లేదు, కాబట్టి దానికి రక్షణా లేదు.

నేను ఎడిటర్లకి ఒక చిన్న పరీక్ష చెప్తాను. టైమ్‌లైన్‌లో ఆ క్లిప్పుని మ్యూట్ చేసి, బొమ్మ కనపడకుండా చేసి, మీ వాయిస్ ఒక్కటే వినండి. "ఇదిగో ఇక్కడ చూడండి" అన్నచోట వినేవాడికి అర్థం కాక తికమకపడితే ఆ క్లిప్పు అక్కడ ఉండాల్సిందే. మీ వాయిస్ హాయిగా సాగిపోతుంటే ఆ క్లిప్పు అలంకారం. ఇంకో అలవాటు కూడా చేసుకోండి. ఏ సినిమా, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఎందుకు వాడాను అని ఒక్కో క్లిప్పుకి ఒక్కో లైను ఎక్సెల్లో రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే మీకు గుర్తుండదు, ఆ షీటుకి గుర్తుంటుంది.

"క్రెడిట్స్ టు ఓనర్", "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు" అని డిస్క్రిప్షన్‌లో పెట్టేవి మర్యాదకి పనికొస్తాయి, పర్మిషన్‌కి పనికిరావు.

ఇప్పుడు బీటు. ఇక్కడ అరవై ఏళ్ల లెక్క విప్పి చూడాలి. మీరు పాట పేరు చెప్పలేదు, కాబట్టి అందరికీ తెలిసిన 'మాయాబజార్' మీద వేసి చూపిస్తాను. సినిమా 1957లో వచ్చింది. సినిమాకీ, సౌండ్ రికార్డింగ్‌కీ కాపీరైటు అది బయటికొచ్చిన ఏడాది అయిపోయాక 60 ఏళ్లు. రికార్డులు కూడా అదే ఏడు వచ్చాయనుకుంటే 1958 జనవరి 1 నుంచి లెక్క మొదలై 2017 డిసెంబర్ 31తో అయిపోయింది. అందరూ ఇక్కడే ఆగి పండగ చేసుకుంటారు. కానీ పాటంటే రికార్డింగ్ ఒక్కటే కాదు. మన చట్టం దృష్టిలో పాటలో మూడు వస్తువులున్నాయి: సాహిత్యం, బాణీ, వాటిని పాడి వాయించి పట్టిన రికార్డింగ్. మూడింటికీ మూడు లెక్కలు. సాహిత్యం పింగళి నాగేంద్రరావు గారిది, ఆయన 1971లో పోయారు. రచనకి, సంగీతానికి లెక్క కర్త పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు, అంటే సాహిత్యం 2031 చివరిదాకా రక్షణలో ఉంటుంది. సంగీతం ఘంటసాల గారి పేరు మీద ఉంది, ఆయన 1974లో పోయారు, 2034 చివరిదాకా ఉంటుంది. అందులో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారు కట్టినవని చెప్తారు. ఆయన 1999 దాకా ఉన్నారు, ఆ బాణీలకి లెక్క 2059కి పోతుంది. ఆ హక్కు ఇప్పుడు నిర్మాత వారసుల చేతిలో ఉందా, ఆడియో కంపెనీ చేతిలో ఉందా అన్నది వేరే సంగతి. ఎన్నాళ్లుంటుంది అన్నదానికి మాత్రం కొలబద్ద రాసినవాడి, కట్టినవాడి ఆయుష్షే.

ఈ అరవై అంకె వెనక ఒక కథ ఉంది. మొదట్లో మన దగ్గర 50 ఏళ్లే ఉండేది. టాగోర్ 1941లో పోయారు, 1991 ముగిసేసరికి ఆయన రచనలు అందరివీ అయిపోవాలి. ఆయన స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయం చేతుల్లోంచి అవి జారిపోతాయని గోల మొదలై, 50ని 60 చేశారు. ఒక్క మహాకవి కోసం సాగదీసిన పదేళ్లు ఇవాళ మన ఘంటసాల పాటలకీ, పక్క వీధి డీజేకీ కూడా వర్తిస్తున్నాయి.

మీ నాలుగు సెకన్లకి దీన్ని అన్వయిస్తే: మీది వాద్యం బిట్టు కాబట్టి సాహిత్యం పక్కకి పోతుంది. పాట నిజంగా అరవై ఏళ్లు దాటినదైతే రికార్డింగ్ కూడా పక్కకి పోవచ్చు. మిగిలేది బాణీ. ఆ సంగీత దర్శకుడు ఎప్పుడు పోయారో వెతకండి. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మీరు ఫోన్‌లోంచి దింపుకున్న ఫైలు 1950ల నాటి రికార్డు కాకపోవచ్చు, తర్వాత కంపెనీ వాళ్లు గరగరలు తీసి, స్టీరియో చేసి అమ్ముతున్న కాపీ కావచ్చు. దానిమీద తమకి కొత్త హక్కు ఉందని వాళ్లు వాదిస్తారు. నిలిచినా నిలవకపోయినా మీకు ఆ వాదన ఎందుకు? పాత గ్రామఫోన్ రికార్డు దొరికితే దానిలోంచే పట్టుకోండి, గరగర కూడా బీటుకి అందమే.

రికార్డింగ్ ఇంకా రక్షణలో ఉన్న పాట అయితే మాత్రం పిచ్ మార్చాను, స్పీడు తగ్గించాను అన్నవి లెక్కలోకి రావు. ఆ రికార్డింగ్‌ని ఇముడ్చుకుని ఇంకో రికార్డింగ్ చేసే హక్కు మన చట్టం 14వ సెక్షన్ యజమానికి విడిగా రాసిచ్చింది. శాంపిల్ అంటే సరిగ్గా అదే. జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ అనే బృందం 1977 నాటి తమ ట్రాక్‌లోంచి రెండు సెకన్ల డ్రమ్స్ లూపుని 1997లో ఒక పాటలో వాడారని వేసిన కేసు ఇరవై ఏళ్లకి పైగా నడిచింది. 2019లో యూరప్ పెద్ద కోర్టు, ఎంత చిన్న ముక్కైనా పర్మిషన్ కావాలి, చెవికి గుర్తుపట్టడానికి వీల్లేనంతగా మార్చేస్తే తప్ప అని చెప్పింది. ఆ తీర్పు మన కోర్టుల్ని కట్టేయదు కానీ మనుషుల చెవులు ఎక్కడైనా చెవులే. గుర్తుపట్టాలనే కదా అసలు ఆ బిట్టు పెట్టింది!

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. పదేళ్ల పైమాటే. ఒక గుడి మీద డాక్యుమెంటరీకి సౌండ్ చేస్తున్నాను. క్యాసెట్టులోంచి ఆరు సెకన్ల నాదస్వరం తీసి గోపురం షాట్ కింద వేశాను. భక్తి సంగీతం, అందులోనూ త్యాగరాజ కీర్తన, ఎవరు అడుగుతారులే అనుకున్నాను. కీర్తన ఎవరి సొత్తూ కాదు, నిజమే. ఆ విద్వాంసుడు వాయించగా పట్టిన టేపు మాత్రం ఒక కంపెనీది. సినిమా పండగకి పంపాక ఆ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. బతిమాలి, డబ్బు కట్టి, క్షమాపణ రాసిచ్చి బయటపడ్డాం. దర్శకుడు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఫైనల్ మిక్స్ మళ్లీ తెరిచి, ఆ ట్రాక్ తీసేసి, మా ఏరియాలో పెళ్లిళ్లకి వాయించే ఆయన్ని స్టూడియోకి పిలిపించి అదే కీర్తన పట్టాం. ఆయన తీసుకున్నది మేం కంపెనీకి కట్టినదాంట్లో పదో వంతు లేదు. అప్పుడు పట్టిన టేకే బాగుందని కూడా అందరూ అన్నారు.

జానపదాలు వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పాట ఊరందరిదీ కావచ్చు, ఆ రికార్డింగ్ మాత్రం ఎవరో ఒకరిది. సేకరించినవాళ్లకి, పాడినవాళ్లకి పేరు ఇవ్వలేదన్న కోపం ఎలా రాజుకుంటుందో 2021లో 'సారంగ దరియా' చుట్టూ నడిచిన రభసలో చూశాం.

అందుకే బీటు విషయంలో నా సలహా తిరిగి వాయించడం. మీ నాలుగు సెకన్లని కొత్తగా వాయించి పట్టుకుంటే రికార్డింగ్ హక్కు అనే తలనొప్పి పూర్తిగా పోతుంది. బాణీ హక్కు మిగులుతుంది, కానీ ఇద్దరు యజమానుల బదులు ఒక్కరితో మాట్లాడటం తేలిక. ఇంకా తేలికైన పని, ఆ బిట్టు వాతావరణాన్ని మాత్రం తీసుకుని, అదే రాగంలో మీ సొంత స్వరాలు వేసుకోవడం. రాగం ఎవడబ్బ సొమ్మూ కాదు. ఒక శైలి, ఒక పోకడ, ఒక ఐడియా మీద కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. మొత్తం పాటని కవర్‌గా పాడాలనుకునేవాళ్లకి 31సి అని వేరే సెక్షన్ ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చి ఐదేళ్లు దాటాలి, కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టాలి, ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. శాంపిల్ చేసేవాళ్లకి అది దారి కాదు.

పర్మిషన్ అడగాలనుకుంటే ఉత్తరం సూటిగా రాయండి. ఏ సినిమా, ఏ పాట, ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను దాకా, ఏం మార్చాను, ఎక్కడ పెడతాను, ఎంతకాలం, డబ్బు వస్తుందా రాదా. ట్రాక్ కూడా జత చేయండి. ఆడియో కంపెనీల్లో ఈ పని చూసేవాళ్ల టేబుల్ మీద పెద్ద సినిమాల ఫైళ్లే ఉంటాయి, మీది అడుక్కి పోతుంది, పదిహేను రోజులకోసారి గుర్తు చేయాలి. జవాబు రాకపోవడం ఒప్పుకున్నట్టు కాదు. జవాబు వస్తే, "ఈ హక్కు మీకు ఎవరి నుంచి వచ్చింది, రికార్డింగ్ ఒక్కటేనా బాణీ కూడానా" అని అడిగి రాతలో తీసుకోండి. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడేవాళ్లకి ఒక కథ. టింబలాండ్ అనే అమెరికన్ సంగీత నిర్మాత చేసిన ఒక పాటలో 'ఆరాధన' సినిమా పాట ముక్క ఉందని సారెగమ అమెరికాలో కేసు వేసింది. 2011లో అప్పీల్ కోర్టు, అసలు ఆ రికార్డింగ్ హక్కు సారెగమ దగ్గర ఉందనే తేలలేదని కొట్టేసింది. నిర్మాతతో 1960ల్లో రాసుకున్న ఒప్పందంలోని మాటలే అడ్డం తిరిగాయి. అంత పెద్ద కంపెనీకే అలా అయితే, పాత తెలుగు నిర్మాతల మనవలు రాసిచ్చే కాగితాలు ఎంత జాగ్రత్తగా చదవాలో ఊహించుకోండి. కంపెనీ ఒక్కటే కాదు, బాణీ కట్టినవాళ్లూ అడుగుతారు. 2017లో అమెరికా టూర్‌లో ఉన్న బాలు గారికి ఇళయరాజా తరఫు నుంచి నోటీసు వెళ్లింది, తన పాటలు అనుమతి లేకుండా వేదిక మీద పాడొద్దని. ముప్పై, నలభై ఏళ్ల స్నేహం ఉన్నచోటే ఆ పరిస్థితి.

యూట్యూబ్ సంగతి వేరు. అది కోర్టు కాదు, కానీ మీకు ముందు ఎదురయ్యేది అదే. అక్కడ రెండు రకాలు. కంటెంట్ ఐడీ క్లెయిమ్ అంటే మెషీన్ మీ వీడియోలో వాళ్ల ముక్క కనిపెట్టింది, యాడ్స్ డబ్బు వాళ్లకి పోతుంది, లేదా వీడియో ఆగుతుంది, ఛానెల్‌కి మచ్చ పడదు. పిచ్ రెండు మెట్లు దించితే మెషీన్ కనిపెట్టదన్న నమ్మకం కూడా పాత మాటే. ఒక్క సినిమా క్లిప్పుకి రెండు క్లెయిములు కూడా రావచ్చు, బొమ్మకి నిర్మాత లేదా ఓటీటీ వాళ్లు, వెనక పాటకి ఆడియో కంపెనీ. అందుకే రివ్యూలో డైలాగు ఉన్న ముక్క తీసుకోండి, పాట వినపడే ముక్క వద్దు. రెండోది స్ట్రైక్. యజమాని మనిషిగా ఫిర్యాదు చేసి తీయించాడన్నమాట. 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ పోతుంది. 2025 మేలో మోహక్ మంగల్ అనే యూట్యూబర్, పది సెకన్ల అటూ ఇటూ ఉన్న వార్తా క్లిప్పులకి ఏఎన్ఐ వార్తా సంస్థ స్ట్రైకులు వేసి లక్షల్లో లైసెన్స్ ఫీజు అడిగిందని ఆరోపించారు. ఏఎన్ఐ పరువునష్టం దావాతో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. స్ట్రైక్ అనేది బేరానికి ఎంత పనికొస్తుందో దేశమంతా మాట్లాడుకున్నది అప్పుడే.

క్లెయిమ్ వస్తే, మీది నిజమైన సమీక్ష అయితే, డిస్ప్యూట్ వేయండి. అక్కడ "ఫెయిర్ యూజ్" అని రెండు మాటలు రాసి వదిలేయకండి. మీ ఎక్సెల్ షీటులోని లైన్లు రాయండి: ఈ నిమిషంలో ఈ షాట్, దానిమీద నేను చేసిన విమర్శ ఇది. అవతలివాళ్లకి 30 రోజులు గడువుంటుంది. స్ట్రైక్ మీద కౌంటర్ నోటీస్ మాత్రం ఆలోచించి వేయాలి, అందులో మీ పేరు, అడ్రసు అవతలివాళ్లకి వెళ్తాయి. 10 పనిదినాల్లో వాళ్లు కోర్టు కాగితం చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది, చూపిస్తే మీరు కోర్టులో ఉన్నట్టే. ఒక కంపెనీ తన ఆఫీసు ఉన్న ఊళ్లోనే కేసు వేసుకునే వెసులుబాటు మన చట్టం ఇచ్చింది. వాయిదాలకి వరంగల్ నుంచి ముంబై తిరిగే ఓపిక ఉందో లేదో చూసుకోండి. తెలిసి తెలిసి ఉల్లంఘిస్తే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా దాకా ఉంది. భయపెట్టడానికి చెప్పట్లేదు. నోటీసుల్లో ఈ సెక్షన్ పెద్ద అక్షరాల్లో కనపడుతుంది, చూసి గుండె ఆగకూడదని చెప్తున్నా. అవతలివాడికి హక్కే లేకుండా ఉత్తినే బెదిరిస్తే వాడి మీద కోర్టుకి వెళ్లడానికి 60వ సెక్షన్ ఉంది.

రీల్స్‌లో మ్యూజిక్ లైబ్రరీలోంచి పాట పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. సరదాకి పెట్టుకునే రీల్‌కే ఆ ఏర్పాటు. అదే పాటతో బట్టల షాపు ప్రమోషన్ చేస్తే దానికి విడిగా లైసెన్స్ కావాలి, అడిగేది షాపు ఓనర్ని కాదు, ముందు మిమ్మల్నే.

బావగారికి కూడా ఒక ముక్క చెప్పండి, ఆయన సగం కరెక్టే అన్నాను కాబట్టి. అమెరికాలో రియాక్షన్ వీడియోలకి 2017లో మంచి తీర్పు వచ్చింది. ఐదు నిమిషాలకి పైగా ఉన్న వీడియోలోంచి 3 నిమిషాల 15 సెకన్లు వాడి, మధ్యమధ్య ఆపి వెక్కిరిస్తూ విమర్శించిన జంట ఫెయిర్ యూజ్ కింద గెలిచింది. సగానికి పైగా వాడి గెలిచారు, చూశారా, సెకన్ల లెక్క ఎంత ఉత్తదో. పాటని ఎగతాళి చేస్తూ కట్టిన ప్యారడీకి 1994లోనే అక్కడి సుప్రీంకోర్టు దారి ఇచ్చింది. కానీ అందమైన ముక్క కదా అని తీసి బీటులో పెట్టుకోవడం అక్కడా కష్టమే. టెనెస్సీ తన పరిధిలో ఉన్న ఆరో సర్క్యూట్ అప్పీల్ కోర్టు 2005లో రెండు సెకన్ల గిటార్ ముక్క కేసులో "లైసెన్స్ తీసుకో, లేదా శాంపిల్ చేయకు" అని కొట్టినట్టు చెప్పింది. కాలిఫోర్నియా ఉన్న తొమ్మిదో సర్క్యూట్ 2016లో మడోనా పాటలోని 0.23 సెకన్ల బూర ముక్కని పట్టించుకోనక్కర్లేదంది. ఒకే దేశం, రెండు కోర్టులు, రెండు మాటలు. డాలస్ ఈ రెండింటి పరిధిలోనూ లేదు, బావగారు ఏ ధీమాతో చెప్పారో ఆయన్నే అడగాలి. అక్కడ ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్ల దాకా, కావాలని చేశారని తేలితే 1,50,000 దాకా వేయొచ్చు. మన పాటలకి కూడా అక్కడ కోర్టులు తెరిచే ఉంటాయి. బప్పీ లాహిరి 1981లో కట్టిన పాట ముక్కని 2002లో ఒక అమెరికన్ హిట్ పాటలో పేరు చెప్పకుండా వాడితే, మరుసటి ఏడు లాస్ ఏంజెలిస్ జడ్జి ఆయన పేరు వేసేదాకా ఆ సీడీ అమ్మకాలు ఆపేశారు.

మీ పని మీదికి వస్తే, బీటు అప్‌లోడ్ చేయకుండా ఆగారు కాబట్టి నష్టమేమీ జరగలేదు. ఆ నాలుగు సెకన్లని గైడ్ ట్రాక్‌గా ఉంచుకుని, హన్మకొండలో వీణో వయొలినో నేర్పేవాళ్లెవరైనా ఉంటారు, ఒక పూట కూర్చోబెట్టి అదే రాగంలో వేరే స్వరాలు వాయించి పట్టుకోండి. వాయించినవాళ్లతో రికార్డింగ్ హక్కు మీదేనని ఒక కాగితం రాయించుకోండి, పేరు వేస్తానని మీరూ రాసివ్వండి. రివ్యూల్లో ఇంట్రో మాంటేజ్ మార్చేయండి, అది ఇవాళ రాత్రికే అయ్యే పని. పాత వీడియోల్లో యూట్యూబ్ ఎడిటర్‌లోనే ఆ ఇరవై సెకన్లు ట్రిమ్ చేయొచ్చు, వీడియో తీసేసి మళ్లీ పెట్టక్కర్లేదు, వ్యూస్ పోవు.